పెద్దమ్మ ఉన్న పోస్టరు

మా ఇంట్లో రెండు బీరువాలున్నాయి. చిన్నదాంట్లో మా ఇద్దరి బట్టలు, పెద్దదాంట్లో నా సినిమా పోస్టర్లు ఉంటాయి. పెళ్లిళ్ల రోజులొస్తే చాలు, మా ఆయన ముడతలు పడ్డ చొక్కా చేత్తో పట్టుకుని పెద్ద బీరువా ముందు నిలబడి గట్టిగా నిట్టూరుస్తారు. లోపల కత్తులు దూసిన రాజకుమారులు, మీసాలు దువ్వే విలన్లు, కళ్లు తుడుచుకునే తల్లులు ఒక్క ముడత లేకుండా నాఫ్తలీన్ ఉండల మధ్య హాయిగా పడుకుని ఉంటారు. ఆ నిట్టూర్పు నాకు వినబడాలనే ఆయన ఉద్దేశం. వినబడుతుంది కూడా.

బరంపురంలో పాత పోస్టర్లు పోగుచేసే ఆడమనిషిని నేనొక్కదాన్నే అనుకుంటాను. మా వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నాది చిత్తుకాగితాల వ్యాపారమని నమ్మి, పాత న్యూస్ పేపర్లు తెచ్చి గుమ్మంలో పడేసి పోతుంటారు. ఒకావిడైతే తూకం సరిగ్గా వేస్తానా లేదా అని కూడా అడిగింది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని మా అత్తగారు ఉన్నన్నాళ్లూ నా మీద ఈ సామెత వాడారు. ఎవరి పిచ్చి వారికానందం అని నేను నా సామెత నేను వాడేదాన్ని.

నా పిచ్చిలో ఒక ప్రత్యేకత ఉంది. మా ఊరి పోస్టర్లు హైదరాబాదులోనో విజయవాడలోనో దొరికేవి కావు. తెలుగు సినిమా పోస్టరు ఆంధ్రా నుంచి తెలుగు అక్షరాలతో వచ్చేది. మా ఊళ్లో సగం మంది చదివేది ఒడియా. అందుకని హాలువాళ్లు ఇక్కడి ప్రెస్సులో ఒడియాలో సినిమా పేరు, హాలు పేరు, ఆటల వేళలు అచ్చువేయించి, పొడుగాటి పట్టీలా కోసి, పోస్టరు కింది అంచున మైదా జిగురుతో అంటించేవారు. హీరో కాళ్లో, సముద్రపు అలలో, గుంపులో జనమో ఆ పట్టీ కింద పడిపోయేవాళ్లు. ఒడియా పట్టీ ఉన్న తెలుగు పోస్టరంటే నాకు ప్రాణం. పట్టీ ఊడదీసిన పోస్టరు బోడిగుండులా కనిపిస్తుంది నాకు. ఎవరైనా అలా చేశారని తెలిస్తే ఆ మనిషితో మాట్లాడటం మానేసేదాన్ని.

సరిగ్గా ఆ పట్టీ మీదే మా పెద్దమ్మకు యాభై ఏళ్ల పగ.

పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, సోనేపూర్‌లో ఉంటుంది. సముద్రం ఒడ్డున పల్లెకారుల ఊరు. ఆమె పెళ్లయి కాపురానికి వెళ్లిన కొత్తలో ఒక సినిమావాళ్లు ఆ ఒడ్డుకు వచ్చి కొన్ని రోజులు షూటింగ్ చేశారట. ఆ సినిమాలో హీరో పడవ నడిపే మనిషి. ఆయనకు తెడ్డు ఎలా పట్టుకోవాలో తెలియదు. తలకిందులుగా పట్టుకుని డైలాగులు చెబుతుంటే ఊరి మగవాళ్లు ఒడ్డున కూర్చుని కడుపుబ్బ నవ్వారు. ఆ హడావిడి పక్కనే పెద్దమ్మా, ఆమె తోటికోడలూ చేపల గంపలతో బయల్దేరుతుంటే మెడలో కెమెరా వేసుకున్న ఒకతను వచ్చి వాళ్లను ఫోటో తీశాడు. నన్నే తీశాడని పెద్దమ్మ అంటుంది. వెనకాల ఉన్న పడవల్ని తీశాడని తోటికోడలు అంటుంది.

సినిమా బరంపురం హాలుకు వచ్చిన మొదటి రోజు పెద్దమ్మ చేపలు అమ్మడానికి బస్సులో ఊళ్లోకి వచ్చింది. గోడ మీద పచ్చటి ఆకాశం, తెడ్డు తలకిందులుగా పట్టుకున్న హీరో, కింద ఫోటోల వరసలో గంప, గంప పక్కన తను కనిపించారు. బస్సు ఆగలేదు. ఇంటికెళ్లి ఊరంతా టముకు వేసింది. మర్నాడు నిజం తేల్చుకుందామని తోటికోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఈలోగా ప్రెస్సులో ఆలస్యమైన ఒడియా పట్టీలు వచ్చేశాయి. పోస్టరు అలాగే ఉంది, కింద ఫోటోల వరస ఉన్నచోట మాత్రం మ్యాట్నీ ఎన్ని గంటలకో రాసుంది. తెడ్డు తలకిందులైన సినిమాను మా తీరంలో ఎవడు చూస్తాడు? వారం తిరక్కుండా ఎత్తేశారు.

ఆ రోజు నుంచి మా పెద్దమ్మ నోరు తెరిచి ఏం చెప్పినా తోటికోడలు ఒకటే మాట అనేది. "ఔనౌను, పోస్టర్లో నీ బొమ్మున్నట్టే." వాన పడుతుందని చెప్పినా అదే, మనవడికి జ్వరమని చెప్పినా అదే. ఊళ్లో పిల్లలు కూడా నేర్చేసుకున్నారు. ఎవరైనా కోతలు కోస్తే "పెద్దమ్మ పోస్టరు" అనడం అక్కడ సామెతైపోయింది. మా పెద్దమ్మ జన్మలో అబద్ధం ఆడదని నేననను. చేపలమ్మేవాళ్లు నిన్నటి చేపను నిన్నటిదని చెప్పరు. కానీ ఈ ఒక్క విషయంలో ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. నాకు పోస్టర్ల పిచ్చి పట్టడానికి మూలం ఆమే. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పచ్చటి ఆకాశం కోసం వెతుకుతూ, అది దొరక్క, దొరికినవన్నీ పోగుచేశాను.

ఇన్నాళ్లకు ఆ హాలు మూతపడింది. కొట్టేసి కల్యాణమండపం కడతారట. లోపలున్న సామానంతా వేలం వేస్తామని యజమాని కొడుకులు గేటుకు కాగితం అంటించారు. కుర్చీలు, ప్రొజెక్టరు, "నిశ్శబ్దము" అని రాసిన గాజు పలకలు, ఒక గదినిండా పోస్టర్ల కట్టలు. నాకు ఆశ పుట్టింది. ఎందుకంటే హాలువాళ్లు పోస్టర్లను ముందు గదిలో నేలమీద పరిచి, పట్టీలు అంటించి, ఆ తర్వాతే సైకిలు మీద గోడలకు పంపేవారు. సినిమా గబుక్కున ఎత్తేస్తే అంటించినవి అంటించినట్టే ఆ గదిలో మిగిలిపోయేవి.

ఈ సంగతి ఫోనులో చెప్పడమే నేను చేసిన పని. మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ ఖాళీ గంపతో సహా మా గుమ్మంలో ఉంది.

"గంపెందుకు పెద్దమ్మా?"

"పాటకి ఎల్తన్నాం కాదేటి? గంప నేకుండా పాటకి ఎవులైనా ఎల్తారేటే? నవ్వరూ?"

ఆమెకు తెలిసిన వేలంపాట ఒక్కటే, పొద్దున్నే పడవలు ఒడ్డుకు చేరాక చేపల కుప్పల ముందు జరిగేది. "నువ్వు నోరు మూసుకోని నిల్సో. పాట నాను సూసుకుంతాను. నీ మొకం సూస్తేనే తెలిసిపోద్ది, నీకు ఏటి కావాలో," అంది. చేపపిల్లకు ఈత నేర్పడానికి నేనెవరిని? సరేనన్నాను.

హాల్లో యాభై మందికి తక్కువ లేరు. చాలామంది కుర్చీల కోసం వచ్చినవాళ్లే. పాట పాడించడానికి, జాతరల్లో తప్పిపోయిన పిల్లల గురించి మైకులో చెప్పే మనిషిని పెట్టారు. ఆయన ప్రతి వస్తువునూ తల్లిదండ్రులు వెంటనే వచ్చి తీసుకెళ్లాలి అన్నంత ఆదుర్దాగా ప్రకటించాడు. పోస్టర్ల కోసం వచ్చింది నేను కాక ఒక్కడే. భువనేశ్వర్ నుంచి వచ్చిన నారబట్ట లాల్చీ వేసుకున్న మనిషి, హోటళ్ల గోడలకు పాత పోస్టర్లు ఫ్రేము కట్టించి ఇస్తాడట. భుజానికి ఖరీదైన గుడ్డసంచి, చేతిలో ఫోను. పోస్టర్ని చూసి ముచ్చటపడేవాణ్ని క్షమిస్తాను గాని, భోజనాల బల్ల పక్కన తగిలించేవాణ్ని ఎలా క్షమించను?

కట్టలు విప్పి చూడకూడదన్నారు. కొబ్బరితాడుతో కట్టిన పాత కట్ట ఒకటి ముందుకు తెచ్చి పెట్టారు. అంచున ఒకచోట పచ్చటి రంగు కనిపించింది. పెద్దమ్మ కూడా చూసింది. ఏమీ చూడనట్టు ముందుకెళ్లి, కట్ట మీదికి వంగి, చేపల్ని చూసినట్టే రెండు ముక్కుపుటాలతో వాసన పీల్చింది. వేలితో నొక్కింది. తర్వాత హాలంతా వినబడేలా, బజారు ఒడియాలో, ఇది కుళ్లిపోయిందనీ, చెదలు పట్టిందనీ, దీన్ని ముట్టుకుంటే చేతులకు దురద పుడుతుందనీ చెప్పి, నా వైపు తిరిగి తెలుగులో అంది, "మనకొద్దే ఇది. పొయ్యిలోకి కూడా పనికిరాదు."

పోస్టర్లకు దూరంగా కూర్చున్న ఇద్దరు ఇంకాస్త దూరం జరిగారు. యజమాని చిన్నకొడుకు మొహం మాడ్చుకున్నాడు.

పొయ్యిలోకి పనికిరాదన్న వస్తువుకు పాట మొదలుపెట్టింది కూడా ఆమే. ఆమె పలికిన మొదటి పాటకు మైకు మనిషి కూడా నవ్వేశాడు. లాల్చీ మనిషి పెంచాడు. పెద్దమ్మ గోరంత పెంచింది. అతను పెంచాడు. నేను ఆత్రం పట్టలేక చెయ్యెత్తబోతే నా కాలు తొక్కింది. మళ్లీ చెయ్యి లేచింది, మళ్లీ తొక్కింది. ఆ పాట అయ్యేసరికి నా చిటికెన వేలు వాచింది. చివరికి ఆమె అతనివైపు తిరిగి, నడుంమీద చెయ్యి వేసుకుని, రెప్ప వేయకుండా చూసింది. అతను ఫోనులోకి చూసుకున్నాడు. మైకు మనిషి మూడోసారి అన్నాడు. కట్ట మాదైంది. నేను ఆ హాల్లో అందరి ముందూ పెద్దమ్మను కావలించుకున్నాను.

సంతోషం కట్ట దగ్గరికి వెళ్లేవరకే నిలిచింది. లాల్చీ మనిషికి అప్పుడే ఫోను వచ్చింది. మాట్లాడటానికి వీలుగా భుజానున్న సంచి తీసి, మా కట్ట పక్కనే నేలమీద పెట్టాడు. పెద్దమ్మ ఆ సంచీని చూసి ఆగిపోయింది.

"పాలు అడుగుతున్నాడు," అంది గొంతు తగ్గించి.

సోనేపూర్ ఒడ్డున ఒక కట్టుబాటుంది. పాటలో గెలిచినవాళ్ల కుప్ప పక్కన, ఓడినవాళ్లు తమ గంప పెట్టి మాటాడకుండా నిలబడితే, పాలు అడిగినట్టు. చెరిసగం ధరకు చెరిసగం చేపలు. పెట్టిన గంపను కాదనకూడదు. శత్రువైనా సరే.

"పెద్దమ్మా, ఆయన ఫోను మాటాడుతున్నాడు. సంచి బరువై కింద పెట్టాడు, అంతే."

"గంప ఎట్టినాక ఎట్టినట్టే. ఇయ్యాల ఆడు ఎట్టినాడు, రేపు మనవూ ఎట్టాల."

"రేపు మనం ఎక్కడ పెడతాం? ఇది సినిమా హాలు! రేపు కూలగొట్టేస్తారు!"

"అయితే మరీ మంచిది. ఆకరి పాటలో తప్పు సేసీసి పోతావేటి?"

నేను వాదించాను, బతిమాలాను, చివరికి కేకలేశాను. ఆమె లాల్చీ మనిషి మోచెయ్యి పట్టుకుని గుంజి, సగం నీకు సగం మాకు అని ఒడియాలో చెప్పేసింది. అతను ముందు బిత్తరపోయాడు. తర్వాత తేరుకుని "హఉ, మావుసీ," అంటే సరే పిన్నీ అని, ఆమె కాళ్లకు దణ్ణం కూడా పెట్టాడు. ఎందుకు పెట్టడు? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా ఇన్నేళ్ల కల ఇలా పంచి పెడుతుంటే నేనైనా పెట్టేదాన్ని.

పెద్దమ్మ తాడు తెంపి, పోస్టర్లను మడతలు విప్పకుండానే రెండు కుప్పలు పోసింది. నన్ను గోడవైపు తిరిగి నిలబడమంది. అదీ ఒడ్డు పద్ధతే, కుప్ప చూడనివాళ్లు ఎవరిదో చెప్పాలి. అప్పుడు తగవు ఉండదు. వెనకనుంచి అడిగింది.

"ఇది ఎవులికి?"

నేను రోషంతో, "ఆ పెద్దమనిషికే ఇయ్యి," అన్నాను.

పచ్చటి ఆకాశం ఆ కుప్పలో ఉంది.

అతను నేలమీద దాన్ని విప్పాడు. తలకిందులు తెడ్డు, కింద చెక్కుచెదరని ఒడియా పట్టీ. పెద్దమ్మ చెయ్యి నా చెయ్యిని వెతుక్కుని పట్టుకుంది. అంతవరకూ ఆమె మీద నాకున్న కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు.

ఆమె మాత్రం నా చెయ్యి వదిలి, పోస్టరు మీదికి వంగి పెద్దగా నవ్వింది. తెడ్డు ఎటుందో చూడు బాబూ, తలకిందులుగా ఉంది, ఇది తగిలించిన హోటలు మునిగిపోకుండా ఉంటుందా అంది. అతనూ నవ్వాడు. నవ్వుతూనే నా మొహం చూశాడు. నా మొహం చూస్తే నాకేం కావాలో తెలిసిపోతుందని పెద్దమ్మ ముందే చెప్పింది కదా. అతను తీరిగ్గా మా కుప్ప తిరగేశాడు. అందులోంచి ఒక పోస్టరు తీశాడు. గుర్రం మీద కత్తి దూసిన రాజకుమారి, మచ్చ లేదు, మడత దగ్గర చిరుగు లేదు, కింద ఒడియా పట్టీ నిన్న అంటించినట్టుంది. అలాంటిది ఒక్కటి దొరికితే చాలని నేను ఎన్నాళ్లుగానో కలలు గన్న పోస్టరది. దానికిది, అన్నాడు.

ఇచ్చాను. ఏడుపు వచ్చింది. హాల్లో దుమ్ము ఎక్కువని అందరూ అనుకున్నారు.

ఇంటికి వచ్చాక అసలు సంకటం మొదలైంది. పట్టీ ఊడదీయాలి. జీవితమంతా ఏ పని చేసినవాళ్లను తిట్టానో ఆ పని నా చేతులతో చెయ్యాలి. పైగా జిగురు ఎండి రాయైంది. లాగితే పట్టీతోపాటు కింది బొమ్మ కూడా లేచొస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుందని పెద్దమ్మకు చెప్పాను.

"మొకం కనబడకపోతే నాకు ఆ ఆకాశం ఎందుకే?" అంది.

నిజమే. నాకు ఆకాశం కావాలి, ఆమెకు మొకం కావాలి. ఎవరిది పెద్ద కోరిక అని ఆలోచించనక్కర్లేదు. మా ఆయన ఏ నిట్టూర్పూ లేకుండా లేచి వెళ్లి, ఇడ్లీపాత్రలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టారు. పోస్టరు అంచును ఆవిరికి పట్టి, తడిగుడ్డ వేసి, ఎదురుచూసి, మళ్లీ ఆవిరి పట్టి, గరిటె కాడతో కొంచెం కొంచెం లేపాం. పెద్దమ్మ నా మెడమీద ఊపిరి వదులుతూ కూర్చుంది. సాయంత్రానికి పట్టీ చిన్న చిన్న ముద్దలుగా ఊడొచ్చింది. కింద నలుపు తెలుపు ఫోటోల వరస బయటపడింది. నేను భూతద్దం తెచ్చిచ్చాను.

ఫోటోలో ఒక పడుచుపిల్ల. తలమీదికి గంప అప్పుడే చేరుతోంది. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. చక్కటి పిల్ల. ఫోటో ఎడమ అంచు దగ్గరినుంచి ఒక చెయ్యి వచ్చి ఆ గంపను ఎత్తి పట్టింది. మోచేతి దాకానే ఉంది. మిగతా మనిషిని కత్తిరించేశారు. చేతిమీద తేలు పచ్చబొట్టు.

పెద్దమ్మ భూతద్దం కింద పెట్టింది.

"ఇది నాను కాదు," అంది. "ఇది నా తోటికోడలు."

ఆమె తన ఎడమ ముంజేతిని పోస్టరు పక్కన పెట్టుకుని చూసుకుంది. చర్మం వదులైంది, తేలు కూడా కాస్త సాగింది. తేలు మాత్రం అదే. ఆ రోజు బస్సులోంచి ఆమె చూసింది ఈ తేలునే, ఈ గంపనే. మిగతా మనిషిని తనే అనుకుంది. నిండు చేపల గంపను ఎవరూ ఒక్కళ్లే తలకెత్తుకోలేరు, పక్కనున్నవాళ్లు చెయ్యి వెయ్యాలి. తోటికోడలి గంపకు చెయ్యి వేసిందామె. ఆ చెయ్యే సినిమాకెక్కింది.

"మళ్లీ అంటించీ," అంది హఠాత్తుగా.

"ఏమిటి?"

"ఆ పట్టీ. మళ్లీ అంటించీ."

నేను గిన్నెలో ఉన్న కాగితం ముద్దను చూపించాను. ఆమె దాన్ని చూసి, నన్ను చూసి, ఇడ్లీపాత్రను తీసుకొచ్చినందుకు మా ఆయన్ను కూడా చూసింది.

అన్నం దగ్గర కూర్చుని కలపకుండా చాలాసేపు ఉంది. చివరికి కడుపులో ఉన్నది కక్కేసింది. "సూపించకపోతే నా మాట అబద్దం అయిపోద్ది. సూపిస్తే దానికి పేరొచ్చేద్ది. యాబై ఏళ్లు నన్ను ఏడిపించిన మనిసి. దాని మొకాన్ని నాను మోసుకోని ఎల్లి దానికే ఇవ్వాలేటే?" నాకు ఆమెను చూస్తే జాలేసింది. ఆ పోస్టరు నా దగ్గరే ఉంచేస్తానని, ఎవరికీ చూపించనని చెప్పాను. అందులో నా స్వార్థం కూడా కొంచెం ఉంది, కాదనను.

పొద్దున్న లేచేసరికి పోస్టరు ఆమె పాతచీరలో చుట్టి గంపలో ఉంది. పద, ఎల్దాం, అంది.

తోటికోడలు వాళ్లింటి అరుగుమీద కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. నేను చిన్నమ్మా అని పిలుస్తాను ఆమెను. ఆమె పెద్దమ్మను అప్పా, అంటే అక్కా, అంటుంది. మమ్మల్ని చూడగానే, "ఏటి అప్పా, పాట అయినాదేటి? పోస్టరు దొరికినాదేటి?" అంది నవ్వు ఆపుకుంటూ. ఎండుచేపలు కొనడానికి వచ్చినవాళ్లూ, చుట్టుపక్కలవాళ్లూ వినోదం చూడటానికి మూగారు. పెద్దమ్మ గంపలోని పాతచీర మూట విప్పి పోస్టరు అరుగుమీద పరిచింది.

చిన్నమ్మ నిరుడే కంటి ఆపరేషను చేయించుకుంది, చూపు బాగానే ఉంది. వంగి చూసింది. చాలాసేపు చూసింది. నవ్వు పోయింది.

"ఈ పళ్లికిలించిన గుంటెవులో నానెరగను," అంది. "ఈ సెయ్యి నీదే అప్పా."

పెద్దమ్మ ఎడమ ముంజెయ్యి ముందుకు చాపబోయింది.

"తేలు సూడక్కర్లేదు. ఆ ఏల్లు సూస్తే తెల్దేటి నాకు? రోజూ తెల్లారగట్ల నా గంపెత్తిన సెయ్యి. నాను కడుపుతో ఉన్నప్పుడు నా గంపలోంచి సగం తీసి నీ గంపలోకి ఏసుకున్న సెయ్యి." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు నిజిమే సెప్పినావు. నానే నమ్మనేదు."

మూగినవాళ్లు పోస్టరు మీదికి ఎగబడ్డారు. ఔను, పెద్దమ్మ చెయ్యే, ఔను, తేలు, అని ఒకటే గోల. పెద్దమ్మ అనుకున్నదంతా అక్కడికి దక్కింది. పోస్టరు చుట్టేసుకుని తలెత్తుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. నా మనసులో నేను చుట్టేయమనే అంటున్నాను. ఆ మొకం ఎవరిదో ఒక్కళ్లూ పోల్చుకోలేదు. ఆ వయసులో ఆ ఊరి ఆడవాళ్లను ఫోటో తీసినవాళ్లెవరు? తను అప్పుడెలా ఉండేదో చిన్నమ్మకే తెలియదు.

పెద్దమ్మ గొంతు సవరించుకుంది. "మొకం నీదే," అంది.

చిన్నమ్మ ఆమెను ఎగాదిగా చూసి, ఊరంతా ఉలిక్కిపడేలా నవ్వింది. "సాల్లే అప్పా! ఒక్కటి నమ్మినాను కదా అని ఇంకోటి సెప్తావేటి? నానింత అందంగా ఎప్పుడున్నాను?"

"అమ్మతోడే!"

"ఔనౌను, పోస్టర్లో నీ బొమ్మున్నట్టే!" అంది అలవాటుకొద్దీ.

అప్పుడు పెద్దమ్మకు వచ్చినంత కోపం నేనెప్పుడూ చూడలేదు. "యాబై ఏళ్లు నిజిం సెప్తే నమ్మనేదు, ఇప్పుడూ నమ్మవేటే!" అని అరిచి, తోటికోడల్ని రెక్క పట్టుకుని లేపింది. ఎండుచేపల గంపను ఆ ఎడమచేత్తోనే ఎత్తి ఆమె తలమీద పెట్టింది. గంప ఒరిగి రెండు చేపలు జాకెట్లో పడ్డాయి. చిన్నమ్మకు చక్కిలిగింతలు పుట్టి పళ్లన్నీ బయటపెట్టి నవ్వేసింది. పళ్లు అప్పుడున్నన్ని లేవు. కానీ చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా ఆమెనూ పోస్టరునూ మార్చి మార్చి చూశారు. అదే నవ్వు, అదే చెయ్యి, ఆ చెయ్యికి ఈసారి మిగతా మనిషి కూడా ఉంది. నాకు కళ్లు చెమర్చాయి. అక్కడ దుమ్ము కూడా లేదు, సముద్రపు గాలే.

చిన్నమ్మ గంప దించుకుని మళ్లీ పోస్టరు దగ్గర కూర్చుంది. ఆ పిల్ల బుగ్గను వేలితో తడిమింది. "నానేనేటి," అంది చాలా నెమ్మదిగా, ఎవరినీ అడగనట్టు.

తర్వాత జరిగింది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. లోపలినుంచి గంజి తెచ్చారు. తడి గంజి, అందులో మెతుకులు. ఇద్దరూ కలిసి పోస్టరు వెనకంతా పులిమి, చిన్నమ్మ ముందుగదిలో, వల తగిలించే మేకు పక్కన, ఉప్పుగాలి సూటిగా కొట్టేచోట, గోడకు అంటించేశారు. నేను బీరువా సంగతి, నాఫ్తలీన్ సంగతి, రాజకుమారి సంగతి అన్నీ ఏకరువు పెట్టాను. ఈ గోడమీద రెండు వానాకాలాలు కూడా ఉండదన్నాను. నాకిచ్చేయమని, కావలసినప్పుడల్లా వచ్చి చూసుకోమని బతిమాలాను.

పెద్దమ్మ గంజి చేతిని చీరకు తుడుచుకుంటూ నన్ను వింతగా చూసింది.

"నీకెందుకే గుంటా?" అంది. "అందులో నువ్వున్నావేటి?"